సరిచూసినవారి సంతకం

"ముందు తిను. మనుషుల మీది కోపం పళ్ళెం మీద చూపించకూడదు" అంది ఖదూజా.

దుర్రా చెంచా ముట్టుకోలేదు.

శుక్రవారం వండే గోధుమరవ్వ కుస్‌కుస్ పెద్ద పళ్ళెంలో నలుగురి మధ్యా పొగలు కక్కుతోంది. ఆ ఇంట్లో ఎవరి వైపు ఉన్నది వాళ్ళే తినాలి. అవతలివాళ్ళ వైపుకు చెంచా సాచడం సిగ్గుమాలిన పని. ఆ ఒక్క నియమం మీదే కొడుకులిద్దర్నీ పెంచానని ఖదూజా స్ఫాక్స్ ఊరంతా చెప్పుకుంటుంది. ఆ మాట గుర్తొచ్చి దుర్రాకు నవ్వు రాబోయింది. నవ్వితే అది మధ్యలో ఏడుపుగా మారుతుందని పళ్ళు బిగపట్టుకుంది.

ఎదురుగా బావగారు లస్సాద్ కూర్చున్నాడు. చేప తల అతని వైపే ఉంది. తుంటి ఎముక ఆపరేషనయ్యి మంచం దిగిన దగ్గర్నుంచీ, ప్రతి శుక్రవారం ఖదూజా ఆ తలను కోడలి వైపు పెట్టేది. "నన్ను మళ్ళీ నిలబెట్టిన పిల్ల" అనేది. ఈ వారం పెద్దకొడుకు వైపు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"తినదులే ఉమ్మీ. కంపెనీ కమిటీకి పంపిన కాగితం మీద నా పేరు చూసిన దగ్గర్నుంచి నీ కోడలికి నోరు చేదు" అన్నాడు లస్సాద్.

"మీ పేరు చూసి కాదు సీ లస్సాద్. నా పేరు లేకపోవడం చూసి."

పెళ్ళయిన ఆరేళ్ళూ అతన్ని "ఖూయా" అనే పిలిచింది. సొంత అన్ననైనా అంతే పిలుస్తారు. పోయిన వారం నుంచే ఈ "సీ లస్సాద్". ఆఫీసులో తలుపు దగ్గరి మనిషి పిలిచినట్టు. ఆ పిలుపు తగిలినప్పుడల్లా అతను కాలర్ సర్దుకుంటున్నాడు.

"అది టీమ్ పని. టీమ్‌కి పెద్దను నేను."

"టీమ్ పేరు పెట్టుంటే నేను నోరెత్తేదాన్నా? మొదటి పేజీలో ఒక్క పేరే ఉంది. నా ప్రోగ్రాము, నా లెక్క, నేను గీసిన బొమ్మలు. కింద బొమ్మలకు పెట్టిన బాణాలు కూడా నేను పెట్టినవే. వాటి రంగయినా మార్చాలన్న ఓపిక లేకపోయింది మీకు."

"అరిచి చెప్పకు, వీధి గుమ్మం తెరిచుంది" అన్నాడు దుర్రా భర్త నౌఫల్. పొద్దుటి నుంచీ అతను అన్న మొదటి మాట అదే. అన్నాక మళ్ళీ చేప ముళ్ళు ఏరుకోవడంలో పడ్డాడు.

"నేను అరవలేదు."

ఖదూజా పళ్ళెం అంచు తుడుస్తూ మెల్లగా అంది: "అయినా ఏముందమ్మా, ఒకే ఇంటివాళ్ళు. మస్మూదీ అని పడిందిగా. అది నీ ఇంటిపేరు కూడా."

"కాదు లల్లా. నేను జలూలీని. ఈ గడప దాటి లోపలికొచ్చిన రోజునా జలూలీనే, ఈ రోజునా జలూలీనే. నా కార్డు మీద అదే ఉంది. పెళ్ళితో పేరు మారే దేశం కాదు మనది."

ఖదూజా తుడిచిన అంచునే మళ్ళీ తుడిచింది. తనూ యాభై ఏళ్ళు మస్మూదీ ఇంట్లో ఉండి, పుట్టింటి పేరుతోనే పింఛను తీసుకుంటోంది.

లస్సాద్ చేతులు తుడుచుకుని, పక్కనున్న సంచిలోంచి ఒక కాగితం తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. దుర్రా వైపు జరిపాడు.

"నీకు రూలు తెలుసు. వీడియో కుదించే కొత్త పద్ధతి ఎవరు కమిటీ ముందు పెట్టినా, దాంతో సంబంధం లేని ఇంకొకరు అదే ప్రోగ్రాము వాళ్ళ దగ్గర నడిపి చూసి, అంకెలు సరిపోయాయని రాసివ్వాలి. ఇటలీ కంపెనీవాళ్ళు రాసిస్తామన్నారు. నిన్న సాయంత్రం తీరిక లేదన్నారు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి గడువు. అది దాటితే ఈ పద్ధతి సమావేశంలో చర్చకే రాదు."

"అయితే?"

"నువ్వు వారానికి రెండు రోజులు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తావుగా. ఆ కాలేజీ తరఫున సంతకం పెట్టు. సరిచూసినవారు, దుర్రా జలూలీ. చూడు, నీ పేరు కూడా వస్తుంది."

దుర్రా కాగితం చేతిలోకి తీసుకుంది. పై రెండు లైన్లూ మామూలువే. మూడోది చదివి, తప్పు చదివానేమోనని మళ్ళీ చదివింది.

"ఈ పద్ధతి రూపకల్పనలో నాకు ఎటువంటి పాత్రా లేదని ధృవీకరిస్తున్నాను."

ఆమె ఆ లైను పైకి చదివింది. ఒక్కొక్క మాటా విడదీసి, పళ్ళెం చుట్టూ ఉన్న ముగ్గురికీ వినపడేట్టు చదివింది.

"అది అందరికీ ఉండే లైను. అచ్చువేసిందే" అన్నాడు లస్సాద్. "రికార్డు ప్రకారం ఆ రెండు నెలలూ నువ్వు సెలవులో ఉన్నావు కూడా. ఎవరూ ఆక్షేపించరు."

"సెలవులో ఎక్కడున్నాను సీ లస్సాద్?"

అతను కాలర్ సర్దుకున్నాడు.

"మీ అమ్మ మంచం పక్కన ఉన్నాను. యాభై రెండు రోజులు. మీరు మూడుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా పార్కింగు దొరకలేదని చెప్పి పది నిమిషాల్లో వెళ్ళారు. ఆమె నిద్రపోయినప్పుడు ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని చేసిన పని అది. దాన్ని తీసుకుని మీ పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు దాంతో నాకు సంబంధం లేదని నా చేత్తో రాయమంటున్నారు. దొంగతనం మీరే చేసి, పోయిన సొమ్ము నాది కాదని నన్నే ప్రమాణం చెయ్యమంటున్నారు."

"దుర్రా" అన్నాడు నౌఫల్.

"లల్లా, మీరు పెంచిన పద్ధతి చెప్తారుగా అందరికీ. చూడండి. మీ అబ్బాయి చెంచా ఎంతదూరం వచ్చిందో."

ఆమె లేచింది. కాగితం అక్కడే వదల్లేదు, పట్టుకునే పైమెట్లు ఎక్కింది. పళ్ళెంలో ఆమె వైపు కుస్‌కుస్ పోసినది పోసినట్టే ఉంది. మిగిలిన ముగ్గురూ దాని అంచుదాకా తిని ఆగిపోయారు. ఆ గోడ దాటడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

* * *

నౌఫల్ పైకి వచ్చేసరికి దుర్రా బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. క్లిప్పులు ఒక్కొక్కటీ బుట్టలో పడుతున్నాయి.

"అంత మాట అమ్మ ముందు అనకుండా ఉండాల్సింది."

"ఏ మాట?"

"దొంగతనం."

"వేరే మాట ఉంటే చెప్పు. నువ్వు లెక్కల మాస్టారివి. నీ క్లాసులో ఒకడు పక్కవాడి పేపరు లాక్కుని తన పేరు రాసుకుంటే ఏమంటావు?"

"అది వేరు."

"ఎట్లా వేరు?"

అతను రెయిలింగు పట్టుకుని కింద వీధిలోకి చూశాడు. "నీకు ఆ ఉద్యోగం చెప్పింది అన్నయ్య. మనం ఉంటున్న ఈ అంతస్తు కట్టించింది అన్నయ్య. నాన్న పోయినప్పుడు నాకు పదిహేనేళ్ళు. నన్ను చదివించింది కూడా..."

"నాకు తెలుసు."

"తెలిస్తే ఒక్కసారి వదిలెయ్. పద్ధతులు నీ బుర్రలో ఇంకో పది పుడతాయి. ఆయనకు నలభై తొమ్మిదేళ్ళు. కంపెనీలో కుర్రాళ్ళు ఆయన్ని దాటిపోతున్నారు. ఈసారి సమావేశంలో ఏమీ పెట్టకపోతే ఆయన కుర్చీ ఉండదు."

"అంటే ఆయన కుర్చీ నిలబడటానికి నన్ను కింద కోడుగా పెడతావా?"

నౌఫల్ వీధి వైపే చూస్తున్నాడు. ఆమె చివరి చొక్కా తీసి మడతపెట్టింది. అది అతనిదే. దాన్ని బుట్టలో వెయ్యకుండా అతని చేతికిచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. రాత్రి పడుకోబోయే ముందు నౌఫల్ మాత్రం గోడవైపు తిరిగి అన్నాడు: "నీకు కావాల్సింది పేరేగా. కాగితం మీద పేరు వస్తుందన్నాడుగా."

ఆ మాటను దుర్రా విననట్టే ఊరుకుంది. వినే ఉంది.

* * *

శనివారం పొద్దున్న లేచేసరికి నౌఫల్ లేడు. రొట్టె, చేపలు తేవడానికి వెళ్తున్నానని చీటీ రాసి టీ గిన్నె కింద పెట్టాడు.

సంతకం పెట్టనని దుర్రాకు తెలుసు. అయినా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, లస్సాద్ పంపిన ప్రోగ్రామునూ అంకెల పట్టికనూ దించుకుంది. తన బిడ్డను ఎత్తుకుపోయినవాడు దానికి ఏ బట్టలు తొడిగాడో చూడాలన్న కసి అది.

పట్టిక తెరిచింది. రంగుకు పట్టే జాగాలో ఆదా, నూటికి పందొమ్మిది.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ చూసింది. పందొమ్మిది.

ఆమె లెక్కలో వచ్చింది మూడు. మూడు వచ్చినందుకే ఆసుపత్రి వరండాలో పిల్లిలా అటూ ఇటూ తిరిగింది. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఒకటి కోసం ఒక ఏడాది పెడతారు. పందొమ్మిది ఎక్కడినుంచి వస్తుంది?

ఎక్కడినుంచి వస్తుందో ఆమెకు నెమ్మదిగా అర్థమైంది.

తన పాత నోటుబుక్కు తీసింది. ఏప్రిల్ పద్నాలుగో తేదీ పేజీలో ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు: "గాడిదా, అసలు బొమ్మ చూస్తున్నావు." తనను తాను తిట్టుకున్న తిట్టు. ఆ రోజే ఆ తప్పు దిద్దింది. దిద్దగానే పందొమ్మిది కాస్తా మూడైంది.

లస్సాద్ ఎత్తుకుపోయింది ఏప్రిల్ పద్నాలుగుకు ముందుది.

అయినా అనుమానం ఉండకూడదని, ఆసుపత్రిలో తను తీసుకున్న చిన్న వీడియో ఒకటి తీసి అతని ప్రోగ్రాములో వేసింది. ఖదూజా ఎర్ర శాలువా కప్పుకుని, నడక బండి పట్టుకుని, కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా వేసిన మొదటి పదకొండు అడుగులు. పంపేవైపు బొమ్మ అద్దంలా వచ్చింది. అంకెలు కూడా అద్భుతం. ఆ కుదించిన ఫైలును తెర మీద ఇంకో విండోలో, అందుకునేవైపు ప్రోగ్రాముతో విప్పింది.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఆపరేషన్ తర్వాత ఖదూజా పైఅంతస్తుకు ఎక్కడం అదే మొదటిసారి.

"లల్లా, పిలిస్తే నేనే వచ్చేదాన్నిగా."

"పిలిస్తే వస్తావో రావో." ఆమె ఆయాసంతో కుర్చీలో కూలబడి తెర వైపు చూసింది. చూసి, కర్ర ముందుకు పెట్టుకుంది. "ఇదెవరు బిడ్డా? దయ్యమా?"

తెర మీద ఖదూజా తలుపు దగ్గర నిలబడి ఉంది, మొహం పాచి పట్టిన గోడ రంగులో. ఆమె శాలువా ఎరుపు ఆమెతో రాలేదు. కిటికీ దగ్గరే మచ్చగా ఉండిపోయింది.

"మీరే. లస్సాద్ గారి కొత్త పద్ధతిలో."

"నన్నిలా చూపిస్తే ఎవరు మెచ్చుకుంటారు వాణ్ణి?"

"పంపేవైపు ఇలా కనపడదు. అందుకునేవైపు ఆయన విప్పి చూసుకోలేదు."

ఖదూజా కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు. ఎవరూ చెప్పరు నాకు. గొడవ నా ఇంట్లో జరుగుతుంటే, దేని గురించో నాకే తెలియదు."

దుర్రా తెర ఆమె వైపు తిప్పింది.

"వీడియో పంపేటప్పుడు వెలుగునీ రంగునీ విడదీసి పంపుతాం లల్లా. వెలుగంటే నలుపు తెలుపు బొమ్మ. అది ముందు వెళ్తుంది. రంగు మొత్తం పంపితే బరువు. అందుకని అందుకునేవాడు ఊహించుకోగలిగినంత ఊహించుకుంటాడు. మిగిలిన తేడానే పంపుతాం. మీరు కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి నడిచారు. వెలుగు మారింది, శాలువా మారలేదు. అవునా?"

"శాలువా అదేగా."

"ఈ బొమ్మలో తలుపు దగ్గరున్న మనిషి, పోయిన బొమ్మలో కిటికీ దగ్గరుంది అని కదలిక లెక్క మనకు చెప్తుంది. ఆ పాత బొమ్మ అందుకునేవాడి దగ్గర అప్పటికే ఉంది, వెలుగూ రంగూ రెండూ. కిటికీ దగ్గర అంత వెలుగుకు ఎంత ఎరుపో అక్కడ చూసి నేర్చుకుంటే, తలుపు దగ్గర ఇంత వెలుగుకు ఎంత ఎరుపుండాలో వాడే కట్టుకోగలడు. అదీ నా పద్ధతి. మనిషి ఎక్కడినుంచి కదిలివచ్చిందో అక్కడికి వెళ్ళి రంగు అడగడం."

"బాగుంది" అంది ఖదూజా. పొగడ్త కాదు, కూర రుచి చూసి చెప్పినట్టు. "మరి ఈ దయ్యం?"

"మొదట నేను రాసిన దాంట్లో తప్పుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి అడగాల్సింది పోయి, తలుపు దగ్గరి అసలు బొమ్మనే చూసి రంగు చెప్పేశాను. పంపేవాడి దగ్గర అసలు బొమ్మ ఉంటుంది. అందుకునేవాడి దగ్గర ఉండదు. జవాబు చూసి లెక్క చేసినట్టు. అంకెలు గొప్పగా వస్తాయి. అవతలివాడి ఇంట్లో మాత్రం దయ్యం వస్తుంది. ఏప్రిల్ పద్నాలుగున దిద్దుకున్నాను. ఆయన ఎత్తుకుపోయింది దిద్దకముందుది. ఆఫీసు కంప్యూటర్లో ఎక్కడా పెట్టలేదు నేను. ఎట్లా దొరికిందో అదే తెలియడంలేదు."

ఖదూజా కర్ర పిడిని అరచేత్తో రుద్దింది. ఒకసారి, రెండుసార్లు.

"నేనే ఇచ్చాను" అంది.

దుర్రా ఆమె వైపు చూసింది.

"నువ్వు మందులకి కిందికెళ్ళావు. వాడొచ్చాడు. ఆఫీసు పని ఆగిపోయింది ఉమ్మీ, ఒక్క గంట కావాలి, దుర్రాకి చెప్తే విసుక్కుంటుంది అన్నాడు. నీ కంప్యూటర్ నీ మంచం మీద తెరిచే ఉంది. తీసుకెళ్ళరా అన్నాను. నువ్వు క్యూలో ఉండగానే తెచ్చి పెట్టేశాడు. ఆ తర్వాతి ఆదివారమే నువ్వు నన్ను నడిపించింది."

"లల్లా..."

"నీకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. పోయిన వారం మీరు కొట్లాడుకుంటుంటే నాకు తెలిసిపోయింది, అదే ఇదని. అప్పుడు కూడా చెప్పలేదు. నిన్న చేప తల వాడివైపు పెట్టాను, నీ కళ్ళలోకి చూడలేక." ఆమె కర్ర పక్కన పెట్టింది. "ఇప్పుడు తిట్టు."

దుర్రాకు తిట్టాలనే ఉంది. యాభై రెండు రోజులు తను తలదువ్విన ఈ ముసలావిడను, గ్లాసుడు నీళ్ళ కోసం తనను నిద్రలేపినా తను విసుక్కోని ఈ మనిషిని. "చెప్తే విసుక్కుంటుంది" అన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. తను ఎన్నడు విసుక్కుంది?

"మీరు నడుస్తుంటే వీడియో తీశాను లల్లా. దాన్నే ఇన్ని రోజులూ ముందు పెట్టుకుని పని చేశాను" అంది చివరికి. అంతకు మించి అనలేకపోయింది.

* * *

పదకొండుకు లస్సాద్ వచ్చాడు. తల్లిని అక్కడ చూసి గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు.

"అయిందా? నడిపి చూశావా?"

"చూశాను. సరిపోలేదు" అంది దుర్రా.

"జోకులు వద్దు. గంట ఉంది."

ఆమె తెర చూపించింది. పాచి రంగు మొహం, కిటికీ దగ్గరి ఎర్ర మచ్చ. లస్సాద్ వంగి చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి. అతనికి వివరించాల్సిన అవసరం లేదు.

"విప్పి చూడలేదా మీరు?"

"టైము లేదు. పంపేవైపు అంకెలు బాగానే..." అతను కుర్చీ లాక్కున్నాడు. "ఎక్కడుంది తప్పు?"

"మీ పద్ధతే కదా. మీకే తెలియాలి."

"దుర్రా, పట్టుదలలకి ఇది సమయం కాదు. దిద్దిన ప్రోగ్రాము నీ దగ్గరుంది. ఉందిగా? అది ఇవ్వు. రెండో పేరు నీది పెడతాను. ఇప్పుడే పెడతాను, నీ కళ్ళ ముందు."

"రెండో పేరు."

"సరే, పక్కపక్కన. అక్షర క్రమంలో. నీదే ముందొస్తుంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. నిన్నటిదాకా తనకు సంబంధమే లేదని రాయమన్న నోటితోనే అక్షర క్రమం చెప్తున్నాడు. అతనికి సిగ్గు కలగలేదు. భయం మాత్రమే కలిగింది. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది.

"వద్దు సీ లస్సాద్. మీరు పెట్టింది మీరే వెనక్కి తీసుకోండి. ఒక లైను చాలు. తప్పుంది, ఉపసంహరించుకుంటున్నాను అని. పైనెల నేను నా పేరుతో పెట్టుకుంటాను."

"ఉమ్మీ, చెప్పు దీనికి" అన్నాడు లస్సాద్.

"ఏం చెప్పాలిరా? నన్ను దయ్యాన్ని చేశావు. ముందు అది చెప్పు" అంది ఖదూజా.

కింద తలుపు చప్పుడైంది. నౌఫల్ రెండు చేతుల్లో సంచులతో మెట్లెక్కి వచ్చాడు. ఎండకు మొహం ఎర్రబడి ఉంది. ముగ్గురినీ ఒక్కచోట చూసి, గొడవ సర్దుకుందనుకున్నాడో ఏమో, పొద్దుటి నుంచి దాచుకున్న మంచి వార్త చెప్పేవాడిలా నవ్వాడు.

"ఇంకా ఎందుకు కూర్చున్నారు? అది పొద్దున్నే పంపేశానుగా."

లస్సాద్ కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు.

"ఏది?" అంది దుర్రా.

"సంతకం కాగితం. నీ కాలేజీ మెయిలు నా కంప్యూటర్లో తెరిచే ఉంటుందిగా, గ్యాసు బండ బుక్ చేసినప్పటి నుంచి. ఏడున్నరకి కమిటీకి పంపాను. సరిపోయింది అని. నువ్వు ఎలాగూ పెట్టవని..." అతని నవ్వు సగంలో ఆగింది. "గొడవ తీరిపోతుందని. నీ పేరు కూడా వస్తుంది కదా అని."

దుర్రా మెయిలు తెరిచింది. పంపినవాటిలో మొదటిదే అది. ఏడు గంటల ముప్పై రెండు నిమిషాలు. సరిచూసినవారు, దుర్రా జలూలీ. అంకెలన్నీ సరిపోయినవి. ఈ పద్ధతి రూపకల్పనలో నాకు ఎటువంటి పాత్రా లేదు. కింద ఆమె సంతకం, ఏదో పాత కాగితం మీద నుంచి కత్తిరించి అతికించినది.

పేరు రావాలని ఆమె ఎంతగా కోరుకుంది. వచ్చింది. ఎవరు విప్పినా దయ్యం లేచే అబద్ధం కింద, కాలేజీ ముద్రతో సహా వచ్చింది.

"ఆ అంకెలు తప్పు" అంది దుర్రా.

"నాకు తెలియదు అది తప్పని" అన్నాడు నౌఫల్. అన్నయ్య మొహం చూశాడు. మొత్తం అర్థం కాకపోయినా కొంత అర్థమైంది. సంచి కింద పెట్టాడు. రొట్టెలు జారి నేల మీద పడ్డాయి.

"తప్పు కాకపోతే?" అంది దుర్రా. "అంకెలు నిజమే అయ్యుంటే? అప్పుడు నా సంతకం నువ్వు పెట్టొచ్చా?"

అతను వంగి రొట్టెలు ఏరసాగాడు. ఒకదాన్ని ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు, కింద పడిన రొట్టెకు ఆ ఊళ్ళో అందరూ చేసినట్టే. రొట్టెకు క్షమాపణ చెప్పడం అతనికి చేతనయింది.

లస్సాద్ ముందుగా తేరుకున్నాడు. "సరే, పోయింది పోయింది. ఇప్పుడు నువ్వు కాదని రాస్తే ఏమవుతుందో తెలుసా? వేరొకరి పేరుతో సంతకం పంపారంటే కాలేజీ విచారణ పెడుతుంది. ప్రభుత్వ టీచరు వాడు. బడిలోంచి తీసేస్తారు. నన్ను సాధించాలని నీ మొగుణ్ణి ముంచుతావా?"

"నేను ముంచానా?" అంది దుర్రా. చాలా నెమ్మదిగా అంది.

గోడ గడియారంలో పదకొండూ ముప్పై ఐదు. కాగితాలు అందుకునే కమిటీ పెట్టె పన్నెండుకు మూసుకుంటుంది. మూసుకున్నాక ఆ సంతకం ఆమెదే.

ఖదూజా కర్ర ఊతంతో లేచింది. కొడుకులిద్దరిలో ఎవరూ చెయ్యి అందించలేదు. ఆమె అందుకోనూ లేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో కోడలి ముందుకు జరిపింది. ఆ జరపడంలో పళ్ళెంలో చేప తల తిప్పినంత జాగ్రత్త ఉంది.

"రాయి బిడ్డా."

"ఉమ్మీ" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఎవరు తీసుకెళ్ళారో రాయి. ఎవరు పంపారో రాయి. అది చేతికిచ్చింది నేనని కూడా రాయి. నా కొడుకులిద్దరి పేర్లూ రాయి. వాళ్ళ పేర్లు నేను పెట్టినవే. అక్షరాలు తప్పు పోకుండా చెప్తాను."

దుర్రా చేతులు మీటల మీద ఆన్చింది. "కింద సంతకం నాది కాదు" అని రాసింది. "దాన్ని నాకు తెలియకుండా పంపినవారు" అని రాసింది.

నౌఫల్ రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆపమని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అడిగి ఉంటే కోపంతో రాసేసేది.

గడియారం పదకొండూ నలభై దాటింది. తెర మీద ఆ వాక్యం పక్కన గీత వెలుగుతూ, ఆరుతూ, పేరు కోసం ఆగి ఉంది.